మూడో పాట, మొదటి నుంచి

డిస్కు నా చేతిలో పెడుతూ తెమిర్‌కుల్ నా ముఖం కేసి చూడను కూడా లేదు. "చెల్లెమ్మా, ఇవాళ సౌండు నువ్వేనా, మంచిదైంది, మన పిల్లవే" అంటూనే తెల్ల టోపీ సర్దుకుని హాల్లోకి నడిచాడు, అక్కడ పూలగుత్తులు పట్టుకుని ఎవరో ఆయన కోసం నిలబడి ఉన్నారు. మన పిల్లనట. రాజధానిలో ఆయన ఏలే సౌండ్ ఆర్కైవ్‌లో అన్నేళ్ళు పనిచేసినప్పుడు నాకో పేరుందని, అది బూరుల్ అని ఆయనకి గుర్తుండేది కాదు, ఆ టేపుల మనిషిని పిలవండి అనేవాడు. ఇప్పుడు నారిన్ కల్చర్ హాల్లో వెనక గోడకి అంటుకున్న ఈ అద్దాల గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను, సభకి ఇంకా గంట టైముంది, ముందు వరసలో ఆయన తల్లి ఆయిమ్‌కాన్ అపాని, పెద్దావిడని అపా అంటాం, అప్పుడే తెచ్చి కూర్చోబెట్టేశారు, పాపం ఆవిడ తలపాగా ఒక పక్కకి ఒరిగింది, ఎవరూ సర్దడం లేదు, వేదిక మీద గుడ్డకి ఆవిడ ఫొటో, దాని కింద అరచెయ్యంత అక్షరాలు, మా లోయ కోషోక్‌ల తల్లి అని. చావింట ఆడవాళ్ళు గోడకి ముఖం పెట్టి పాడే కోషోక్‌లతో ఆల్బమ్ చేశాడు కొడుకు, పాడింది మా అమ్మే అని అట్ట మీద వేయించాడు, ఆ ఆల్బమ్‌లో అందరి ఫోన్లలోనూ మోగుతున్నది మూడో పాట. మూడో పాట పాడింది ఆవిడ కాదు, మా అమ్మ. మిగతావి ఎవరి అమ్మలవో నాకు తెలియదు, వాళ్ళ కూతుళ్ళు ఎక్కడున్నారో ఏమో, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను, ఈ గదిలో, డిస్కు నా చేతిలో ఉంది.

బొమ్మల మీద నొక్కుతూ పనిచేసే వాళ్ళకి ఆ డిస్కులో ఒక ఆల్బమ్ ఫోల్డరు, పెళ్ళి ఫొటోలు, ఎందుకూ పనికిరాని పెద్ద ఫైలొకటి కనిపిస్తాయి. నేను ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచాను, నల్ల తెర మీద పేర్లన్నీ వరసగా దిగాయి, ఆ పెద్ద ఫైలు పేరు రెండుసార్లు చదివాను. నారిన్-86. ఆ పేరు పెట్టింది నేనే, ఆర్కైవ్‌లో ఎనభై ఆరు నాటి టేపులు కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు. అది ఇమేజ్, అంటే ఒక డిస్కుని లోపలి ఫోల్డర్లతో సహా ఒక్క ఫైలుగా మూటగట్టింది, ఆ మూటని విప్పక్కర్లేదు, ఒక ఖాళీ ఫోల్డరు చూపించి దీని మీద మౌంట్ చెయ్యి అని ఒక్క వరస టైపు చేస్తే ఆ ఫోల్డరే తలుపవుతుంది, లోపలికి వెళ్ళి తిరగొచ్చు. పని అయ్యాక బయటికి వచ్చి అన్‌మౌంట్ చెయ్యాలి. బయటికి వచ్చి, అదీ ముఖ్యం. లోపల నిలబడే తలుపు వెయ్యమంటే యంత్రం ఒప్పుకోదు, బిజీ అంటుంది, లోపల ఎవరో ఉన్నారంటుంది, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఎవరు ఎవరని వెతికి వెతికి ఆఖరికి అది తామేనని తెలిసి నాలుక్కరుచుకుంటారు, నేనూ మొదటి వారం కరుచుకున్నాను. ఇవాళ చదవడానికి మాత్రమే అని చెప్పి మౌంట్ చేశాను, ఒక్క అక్షరం కూడా చెదరకూడదు, రేపు ఎవడైనా బూరుల్ వేలు పెట్టి మార్చింది అంటే నోట్లో గడ్డి పెట్టడానికి ఉండాలి. తెరుచుకుంది. ఒక్క క్షణంలో తెరుచుకుంది. చలికాలమంతా తెరుచుకోనిది, మా అమ్మ పోయేదాకా తెరుచుకోనిది, ఇవాళ ఈయన పెళ్ళి ఫొటోల పక్కన పడుండి నేను అడగ్గానే తెరుచుకుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందు గాలి, ఆ తర్వాత కుక్క, దూరంగా గుర్రం సకిలింపు, సోన్‌కోల్ సరస్సు ఒడ్డున మా గుడారంలో ఆ వేసవి ఎలా ఉండేదో అలాగే, పొయ్యిలో పిడకల పొగ కూడా ముక్కుకి తగిలినట్టే ఉంది. రికార్డు చెయ్యడానికి వచ్చినాయన బూట్లు విప్పకుండా లోపలికి రాబోతే అమ్మ గరిటె ఎత్తింది, అది టేపులో లేదు, నాకు గుర్తుంది. అప్పటికి మా తాత పోయి ఏడాది, ఆయన పోయినప్పుడు అమ్మ పాడిన కోషోక్ గురించి పక్క లోయదాకా చెప్పుకున్నారు, అదే మళ్ళీ పాడమని ఆ రికార్డు చేసేవాయన అడిగాడు. చావు లేకుండా కోషోక్ పాడితే చావుని ఇంటికి పిలిచినట్టే అని అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు, మూడో రోజు మా నాన్నమ్మ పాడమంది, మీ మామ గొంతెత్తి అడిగినట్టు కలొచ్చింది, పాడు అంది. అప్పుడు పాడింది, ఒక్కసారే, మళ్ళీ జన్మలో పాడలేదు. గోడకి ముఖం పెట్టుకునే పాడతాను, మీ వైపు తిరగను అంది, పాపం రికార్డు చేసేవాయన మైకు పట్టుకుని అమ్మకీ కంబళి గోడకీ మధ్య దూరాడు, అందుకే ఆ గొంతు వెనక ఉన్ని మందం వినిపిస్తుంది, ఏ స్టూడియోలోనూ రాని మందం. పాటకి ముందు ఆయన అడుగుతాడు, పేరు చెప్పమ్మా అని. కాలిచా అంటుంది అమ్మ, గొంతులో నవ్వు దాచుకుంటూ. ఎవరింటి కోడలివి అంటాడు. "మామగారి పేరు నేను పలక్కూడదు కదయ్యా, తెలిసి అడుగుతావేం. ఇదిగో, ఇది చెబుతుంది. చెప్పవే." అప్పుడు ఒక పిల్ల గొంతు, పళ్ళూడిన గొంతు, బులాక్ అంటుంది. ఆ పిల్ల నేనే. మా తాత పేరు బులాక్, ఊట అని అర్థం, అందుకని అమ్మ కాపరానికి వచ్చిన రోజు నుంచీ ఊటని ఊట అనలేదు, నీళ్ళకి పంపేటప్పుడు కూడా ఆ పారేదాని దగ్గరికి వెళ్ళిరా అనేది, ఏడుస్తూ పాడినప్పుడు కూడా పారేదే అంది, మా లోయలో ఇంకే ఇంటి కోడలూ అలా అనదు. ఆల్బమ్‌లో ఈ మాటలేవీ లేవు. గాలి లేదు, కుక్క లేదు, కాలిచా లేదు, నేను లేను. అన్నీ కోసేసి వెనకాల మూడు తీగల కోముజ్ వాయింపించాడు.

గొంతు పోయాక అమ్మ కనుబొమ్మలతో మాట్లాడేది. గొంతులో గడ్డ కోసి తీశారు, దాంతో పాటే మాటా పోయింది, నేను రాజధానిలో ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చేశాను, పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు పెట్టుకుంటూ బతుకుతున్నాను. ఒకరోజు అమ్మ నా అరచేతి మీద వేలితో రాసింది, నా గొంతు ఒక్కసారి వినాలనుంది అని. అంతే అడిగింది, జీవితంలో నన్ను ఇంకేమీ అడగలేదు. నేను తెమిర్‌కుల్‌కి ఫోన్ చేశాను, పెద్దన్నని పిలిచినట్టు బైకె అని పిలిచి, మా అమ్మ టేపు కాపీ కావాలి అని, అదెంత పని చెల్లెమ్మా అన్నాడు, డ్రైవరు చేత పంపాడు. అది తెరుచుకోలేదు. ఇమేజ్ ఇంకా మౌంటై ఉండగానే, అందులో రాత ఇంకా సాగుతుండగానే కాపీ చేస్తే ఇలాగే వస్తుంది, సగం సామాను బండెక్కకుండానే బండి కదిలిపోయినట్టు, చూడ్డానికి ఫైలు నిండుగానే ఉంటుంది, లోపల ఏమీ దొరకదు. మళ్ళీ పంపండి బైకె అన్నాను. అసలుదే పాడైపోయింది, ఏం చెయ్యగలం, పాత టేపులు కదా అన్నాడు. నేను నమ్మాను. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని ఆ విరిగిన కాపీని బాగుచేద్దామని నల్ల తెర మీద నాకు తెలిసిన ఆదేశాలన్నీ ఇచ్చాను, తెలియనివి నేర్చుకుని ఇచ్చాను, పొద్దున్నే అమ్మ కళ్ళు తెరిచి కనుబొమ్మలెత్తేది, తెరుచుకుందా అని, నేను తల అడ్డంగా ఊపేదాన్ని, ఆవిడ నా చెయ్యి తట్టేది, పోనీలే అని, నన్నే ఓదార్చేది. మంచు కరగకముందే పోయింది. ఊరి ఆడవాళ్ళు గోడకి ముఖం పెట్టి కోషోక్ పాడారు, ఒక్కదానికీ ఆ గొంతు లేదు. నేను గోడ వైపు తిరిగి నోరు తెరిచాను, నాకు పాట రాలేదు, ఆ విరిగిన ఫైలు ఒక్కటే కళ్ళ ముందు ఆడింది.

తర్వాత రెండు నెలలకి, మినీబస్సులో, పక్కన కూర్చున్న పిల్ల ఫోన్లోంచి అమ్మ పాడింది. డ్రైవరుని ఆపమన్నాను, దిగిపోయాను. అదే రోజు తెమిర్‌కుల్‌కి ఫోన్ చేశాను. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే వెన్న రాసినట్టుంది. "దుఃఖంలో ఉన్నావు చెల్లెమ్మా. ఏ ముసలమ్మ ఏడ్చినా నీకు మీ అమ్మే వినిపిస్తుంది. కాస్త టీ తాగి పడుకో." టీ తాగలేదు, పడుకోలేదు. ఆ మాటని అప్పటి నుంచీ నోట్లో పెట్టుకుని నములుతూనే ఉన్నాను, ఉమ్మెయ్యలేదు, మింగలేదు. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, ఆ కాపీ కావాలని విరిచి పంపాడా, లేక చేతకాక అలా తీశాడా అని, పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ళకి మౌంటేంటో అన్‌మౌంటేంటో ఏం తెలుసు అని. చేతకానితనమైతే క్షమించాలేమో అని భయపడేదాన్ని. అవును, భయమే, ఆయన మంచివాడని తేలిపోతుందేమోనని నా భయం, నా పగ నా చేతిలోంచి జారిపోతుందేమోనని. ఇవాళ ఆ భయం తీరింది. అసలుది బాగుంది, ఆయన జేబులోనే తిరుగుతోంది, కావాలని చేశాడో కాదో నాకిక అక్కర్లేదు, మళ్ళీ పంపమని అడిగినప్పుడు ఆయన దగ్గర ఉంది, లేదన్నాడు, ఒకావిడ వింటూ చచ్చిపోయేది, వినకుండా చచ్చిపోయింది.

ఏదీ చెరపలేదు నేను. చెరపడం దొంగల పని. ఒక చిన్న కొత్త ఇమేజ్ చేశాను, అందులో ఆల్బమ్ పాటలన్నీ అవే పేర్లతో, అదే వరసలో పెట్టాను, మూడో పేరు కింద మాత్రం అమ్మ టేపు పెట్టాను, గాలీ కుక్కా గుర్రంతో సహా. దాన్ని తీసుకెళ్ళి ఆయన ఆల్బమ్ ఫోల్డరు మీదే మౌంట్ చేశాను. నిండు ఫోల్డరు మీద మౌంట్ చేస్తే కిందిది ఎక్కడికీ పోదు, కనపడదంతే, పరిచిన కంబళి మీద ఇంకో కంబళి పరిచినట్టు, పైది లాగేస్తే ఆయనది ఆయనకి చెక్కుచెదరకుండా ఉంటుంది. తర్వాత ఆ ఫోల్డరులోకే వెళ్ళి పేర్లు ఒక్కొక్కటే సరిచూసుకున్నాను, అన్నీ కుదిరాయి. రొట్టెపిండి పిసికేటప్పుడు ఉన్నంత నిమ్మళంగా ఉన్నాను. అద్దంలోంచి చూస్తే ఆయిమ్‌కాన్ అపా బోర్సోక్ అనే వేయించిన పిండిముక్కొకటి చేతిలో పట్టుకుని నమల్లేక చప్పరిస్తోంది, ఎవరు వచ్చి చెయ్యి పట్టుకున్నా నవ్వుతోంది, ఎందుకు పట్టుకుంటున్నారో ఆవిడకి తెలిసినట్టు లేదు. ఈవిడేం చేసింది, ఈవిడ ముఖం మీద కొడతావా అని నాలో ఎవరో అడిగారు. మా అమ్మేం చేసింది అని నేనే తిరిగి అడిగాను. ఆవిడ తలపాగా ఇంకా ఒరిగే ఉంది, లేచి వెళ్ళి సర్దుదామా అనిపించింది, వెళ్ళలేదు, ఆవిడని తాకితే ఈ పని చెయ్యలేనని తెలుసు.

హాలు నిండాక ఆయన గదిలోకి వచ్చాడు, ఒంటి మీద సెంటు, నా భుజం మీంచి తెరలోకి తొంగి చూశాడు. ఫోల్డరు తెరిచి చూపించాను. పేర్ల మీద వేలు పోనిచ్చాడు, ఒకటి, రెండు, మూడు.

"ఆఁ, సరిగ్గానే ఉన్నాయి. మూడోది వెయ్యి. అందరూ దాని కోసమే వచ్చారు."

"మొదటి నుంచి వెయ్యమంటారా బైకె?"

"మరి? మధ్యలోంచి వేస్తారా ఎవరైనా. మొదటి నుంచి." వెళ్ళబోతూ ఆగాడు, ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు. "మీ అమ్మ పోయిందని విన్నాను. రావాలనుకున్నాను, కుదరలేదు."

"తెలుసు బైకె. మీకు పని."

నా గొంతు కూడా వెన్న రాసినట్టే వచ్చింది, ఎక్కడ నేర్చుకున్నానో తెలుసు.

ఎవరెవరో మాట్లాడారు, చప్పట్లు కొట్టారు, ఆయన మాట్లాడాడు, చిన్నప్పుడు తల్లి ఒళ్ళో పడుకుని ఈ పాట వింటూ పెరిగాను అన్నాడు, అది వినేటప్పుడు నాకు నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది. తల్లి ముందుకి మైకొకటి తెచ్చి పెట్టారు, పాట అయ్యాక ఆవిడ రెండు ముక్కలు ఆశీర్వాదం చెబుతుందని. దీపాలు తగ్గించారు. నేను మూడోది నొక్కాను, చేతికి అందినంత వరకూ వాల్యూం పెంచాను. హాలు నిండా గాలి వీచింది. కుక్క మొరిగింది, గుర్రం సకిలించింది, ముందు వరసలో తెల్ల టోపీలు ఇటూ అటూ తిరిగాయి. పేరు చెప్పమ్మా. కాలిచా. ఎవరింటి కోడలివి. వెనక వరసలో ఒక ముసలాయన అప్పుడే సగం లేచి నిలబడ్డాడు, మా పక్క గుడారం ఆయన. తెమిర్‌కుల్ వేదిక మీద నుంచి నా అద్దం కేసి చూస్తున్నాడు, చేత్తో ఆపు ఆపు అంటున్నాడు, చీకట్లో కూడా ఆయన ముఖం రంగు తెలుస్తోంది, ఈ ముఖం కోసమే కదా ఇన్నాళ్ళు నమిలాను, చూడనీ, కళ్ళారా చూడనీ నన్ను. మామగారి పేరు నేను పలక్కూడదు కదయ్యా, ఇదిగో, ఇది చెబుతుంది, చెప్పవే. నేను చెప్పాను. పళ్ళూడిన నోటితో, అంత పెద్ద హాల్లో, బులాక్ అని చెప్పాను. అప్పుడు అమ్మ గోడ వైపు తిరిగి పాడింది.

పాట సగంలో ఉండగా ముందున్న మైకులోంచి, అది ఆన్‌లో ఉందని ఎరగని ఆయిమ్‌కాన్ అపా గొంతు వచ్చింది, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా. "ఇది కాలిచా కదూ. బులాక్ కోడలు. అబ్బ, ఎంతకాలమైందో దీన్ని విని." కొడుకు వేదిక దిగి పరుగున వస్తున్నాడు, మైకు తీసెయ్యడానికి. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోమన్నట్టు లాగింది. "ఒరే, నువ్వేదో నేను పాడానంటావు, నాకు పాటెక్కడొచ్చురా, నేను గొర్రెలు కాసినదాన్ని. చెబితే వినవు. ఇది గుడారంలో పాడుతుంటే నేను బయట టీ కాస్తున్నాను." తర్వాత ఆ ఒరిగిన తలపాగాతో వెనక్కి తిరిగి, వరసలన్నీ వెతుక్కుంటూ అడిగింది. "కాలిచా రాలేదా?"

నేను ఆయన్ని కొడదామనుకున్నాను, ఆ ఒక్క మాటతో ఆయన తల్లి నన్ను కొట్టింది, అద్దం వెనక నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కాలిచా రాలేదు అపా. వినాలని చలికాలమంతా ఎదురుచూసింది, రాలేకపోయింది.

పాట పూర్తయ్యేదాకా ఆవిడ కొడుకు చెయ్యి వదల్లేదు, హాలంతా టేపు చివర కంబళి మీద మైకు రాసుకున్న చప్పుడు దాకా విన్నారు. దీపాలు వెలిగాయి, హాల్లో మాటలు మొదలయ్యాయి, మా పక్క గుడారం ముసలాయన ఎవరికో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. గది తలుపు తెరుచుకుంది. తెమిర్‌కుల్‌కి టోపీ లేదు, సెంటు వాసన పోయి చెమట వాసన వచ్చింది.

"నా డిస్కు ఇటివ్వు."

పాట ఆపేశాను, ప్లేయరు మూసేశాను, అన్‌మౌంట్ అని టైపు చేశాను. బిజీ అంది.

"దిగట్లేదు బైకె. లోపల ఎవరో ఉన్నారంటోంది."

"ఎవరున్నారు, పాట అయిపోయింది కదా. లాగెయ్."

ఎవరున్నారో చూపించమని యంత్రాన్ని అడిగాను. ఒక్క పేరే వచ్చింది. నా టెర్మినలే, పేర్లు సరిచూసుకోవడానికి ఆ ఫోల్డరులోకి వెళ్ళి, అందులోంచి బయటికి రాలేదు, ఇంతసేపూ అమ్మ పక్కనే నిలబడి ఉన్నాను. బయటికి రావడానికి రెండక్షరాలూ రెండు చుక్కలూ టైపు చేస్తే చాలు. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి.

"నేనే ఉన్నాను" అన్నాను.

"అయితే బయటికి రా."

"వస్తాను బైకె." వేళ్ళు మీటల మీంచి తీసేసి కుర్చీ చూపించాను. "కాసేపు కూర్చోండి."